వరూధినీ కథనుండి క్రొత్త రచనలు

కావ్యమును చదివి మెచ్చుకొనువారు రెండు తెగలుగ నుందురు. కొందఱు పుస్తకమును మూసి, "బాగున్నది" అని తల యూచి, తమ పనికి దాము పోవుదురు. మఱికొందఱకు పుస్తకము మూతపడినను కథ మూతపడదు. ప్రవరుడు ఇల్లు చేరిన పిమ్మట వాని భార్య యేమని యడిగియుండును? పాదలేపము నిచ్చిన సిద్ధుడు మఱల నా యింటి గడప త్రొక్కెనా? మాయాప్రవరుడు విడిచిపోయిన నాటినుండి వరూధిని యెన్నాళ్లు దారి చూచెను? ఇట్టి ప్రశ్నలు వారిని వదలవు. వారిలో కొందఱు కలము పట్టుదురు. ఈ వ్యాసము వారికొఱకు వ్రాయబడుచున్నది.

ఒకరు సృష్టించిన పాత్రలను, ప్రదేశములను అభిమానముచే గ్రహించి, వానిపై వేఱొకరు క్రొత్త కథయో, నాటకమో, పద్యములో, చిత్రమో కల్పించుటను నేటి విద్యార్థులు 'ఫ్యాన్ ఫిక్షన్' అనుచున్నారు. మేము దీనిని అనుసరణ రచన యనెదము. పేరు క్రొత్తది గాని పని క్రొత్తది కాదు. తెలుగు కవులు వందల యేండ్లుగ చేయుచున్నది ఇదియే. దీనిని చూపుటకు మనుచరిత్రము కంటె తగిన గ్రంథము లేదు. అందు అచ్చర కలదు, గంధర్వుడు కలడు, ఆకాశగమనము కలదు, రూపము మార్చు మాయ కలదు. పాశ్చాత్యుల మధ్యయుగ కావ్యములలో 'ఫెయిరీ' కథ లెట్టివో, మనకు అట్టి కథలలో మొదట తలపునకు వచ్చునది ఇదియే.

కథను క్లుప్తముగ చెప్పుదుము. వరణానదీ తీరమున అరుణాస్పదమను పురము. అందు ప్రవరుడను గృహస్థుడు. నిత్యకర్మలను విడువడు, అతిథులను విడువడు. ఎందఱు వచ్చినను వండి వడ్డించుటకు వాని యిల్లాలు విసుగు చెందదు. అతనికి గల యొక్క లోటు, దూరదేశముల తీర్థములు చూడలేదనుట. ఒకనాడు సిద్ధుడొకడు వచ్చి, తాను తిరిగిన చోటుల నెల్ల వర్ణించి, కాళ్లకు పూసికొన్నచో కోరిన చోటికి గొనిపోవు లేపము నిచ్చును. ప్రవరుడు హిమవత్పర్వతము చేరును. చూచి చూచి, మధ్యాహ్నవేళ ఇల్లు చేరవలెనని తలచునప్పటికి, మంచు నీట లేపము కరగిపోయియుండును. దారి యడుగబోయి వరూధినిని చూచును. ఆమె వలచును, అతడు కాదనును, ఆమె కంట తడి పెట్టును. అతడు అగ్నిదేవుని ప్రార్థించి యింటికి మరలును. పూర్వమే వరూధినిచే తిరస్కరింపబడిన గంధర్వు డొకడు ఇది యెఱిగి, ప్రవరుని రూపము దాల్చి యామెను చేరును. వారికి స్వరోచి పుట్టును. స్వరోచి వంశమున స్వారోచిష మనువు పుట్టును. ఆ మనువు పేరనే కావ్యమునకు పేరు.

ఈ కథ పెద్దన కల్పన కాదు. మూలము మార్కండేయ పురాణమున నున్నది. దానిని పెద్దనకు ముందే తెనిగించినవాడు 14వ శతాబ్దపు మారన. ఈ మారన తిక్కన శిష్యుడు. తిక్కన మన నెల్లూరివాడు. మనుమసిద్ధి కాలమున పెన్నయొడ్డున నడచిన యా చదువే ఒక తరము దాటి మారన చేత పురాణమై, రెండు శతాబ్దుల పిదప విజయనగరమున పెద్దన చేత ప్రబంధమైనది. ఈ మాట నెల్లూరు సీమ బాలబాలికలు మఱవకుండుట మంచిది. మనుచరిత్రము ఎక్కడనో హంపీలో పుట్టిన పరాయి సొత్తు కాదు.

పెద్దన చేసిన దేమి? శ్రీకృష్ణదేవరాయల కాలమున (1509–1529) ఆ కథను చేతికి దీసికొని, పురాణమున కొలదిగ నున్న ఘట్టమును ఆఱాశ్వాసముల ప్రబంధమున ప్రాణస్థానముగ నిలిపెను. కథాక్రమమును చెడగొట్టలేదు. పాత్రల పేళ్లను మార్చలేదు. పురాణకర్త త్వరగ దాటిపోయిన చోట తాను నిలిచెను. ప్రవరుని యింటి దినచర్య యెట్లుండును, మంచుకొండపై ఎండ యెట్లు కాయును, దారి యడిగినవానికి సౌందర్యగర్వము గల స్త్రీ యెట్లు బదులు చెప్పును అని యోచించెను. మనుచరిత్రమున మనకు నేడు జ్ఞప్తియందున్న వన్నియు ఇట్టి నిలుపుదలలే. అనుసరణ రచనకు మొదటి పాఠము ఇక్కడనే దొరకినది: మూలము పరుగెత్తిన చోట నీవు నిలువుము.

ఇతర దేశములందును ఇట్లే జరిగినది. గ్రీకుల కథలో ఆర్ఫియసను గాయకుడు చనిపోయిన భార్యకొఱకు పాతాళమునకు పోయి, వెనుదిరిగి చూచి, ఆమెను పోగొట్టుకొనును. మధ్యయుగమున పేరు తెలియని యాంగ్లకవి యొకడు ఆ కథనే 'సర్ ఆర్ఫియో' అను పద్యకథగ వ్రాసెను. 1330 ప్రాంతపు వ్రాతప్రతి యొకటి నేటికిని ఎడింబరోలో నున్నది. ఆ కవి పాతాళమును తీసివేసి ఫెయిరీలోకమును పెట్టెను. గాయకుని రాజుగ చేసెను. రాజు పదియేండ్లు అడవిలో నుండి, తుదకు వీణవంటి తన హార్పు వాద్యముచే ఫెయిరీరాజును మెప్పించి, భార్యను ఇంటికి గొనివచ్చును. ఆమె మఱల పోదు. శోకాంతమైన కథను ఒకడు ఓర్వలేక సుఖాంతముగ మార్చెనన్నమాట. ఆ పద్యకథను మన కాలపు టాల్కిను పండితుడు నేటి యాంగ్లమున పద్యముగ తిరుగ వ్రాసెను. అది 1975లో, అతని మరణానంతరము, అచ్చుపడెను. ఒక కథ చేతులు మారుచు బ్రదుకుట యనగా నిది.

అయితే అభిమానము చాలదు. దీనికి మన సారస్వతముననే గట్టి యుదాహరణ మున్నది. రామరాజభూషణుని వసుచరిత్రము వెలువడిన పిమ్మట దాని నడకను, శ్లేషలను, నాదమును చూచి మురిసి, అదే మూసలో కావ్యములు పోతపోసినవారు అనేకులు. లోకము వానికి 'పిల్ల వసుచరిత్రలు' అని పేరు పెట్టినది. పేరులోనే తీర్పున్నది. వారు పండితులు కాకపోలేదు. వారి ఛందస్సున దోషము లేదు. కాని వారు పై చప్పుడును పట్టుకొనిరి, లోపల ఏ ప్రశ్నయు వేసికొనలేదు. విద్యార్థులు వ్రాసి తెచ్చు కాగితములలో మాకు తఱచుగ కనబడు దోషమును ఇదియే. పెద్దన పదములు నాలుగు ఏఱి చల్లినంతమాత్రమున పెద్దన రాడు.

దీనికి ప్రతిగ పింగళి సూరనను చూడుడు. 16వ శతాబ్దపు నడిమి కాలమున వ్రాయబడిన కళాపూర్ణోదయమున ఒకరి రూపము నొకరు దాల్చుట యను పెద్దన నాటి యంశమే కలదు. ఇక్కడ నలకూబరుని రూపమున మఱియొకడు, రంభ రూపమున మఱియొకతె. కాని సూరన యొక యడుగు ముందుకు వేసెను. నిజమైన రంభకును మాయారంభకును ఎదురుపడునట్లు చేసి, నేను రంభను, కాదు నేను రంభను అని వాదులాడించెను. మనుచరిత్రమున మాయ దాగియే పోవును. కళాపూర్ణోదయమున అది బయటపడి తీరును. సూరన పెద్దనకు బదులు చెప్పుటకే యిట్లు వ్రాసెనని మేము రూఢిగ ననజాలము. చదువునప్పుడు మాత్రము, పెద్దన మూసిన తలుపును సూరన తెఱచినట్లు తోచును. 1914లో కట్టమంచి రామలింగారెడ్డిగారు కవిత్వతత్త్వ విచారమున ఈ కావ్యమును విమర్శించి నాటి పండితలోకమున గొప్ప చర్చ లేవదీసిరి. పై తరగతులవారు ఆ గ్రంథమును చదువవచ్చును.

ఇక వరూధిని మాట. ఈ కథపై వ్రాయబోవు పిల్లలలో పెక్కుమంది ప్రవరుని నిగ్రహమును పొగడి యూరకుందురు. అది పొగడదగినదే. కాని కథలో నిజముగ మోసపోయిన వ్యక్తి యెవరు? ప్రవరుడు మోసపోలేదు, దారి తప్పెను, తిరిగి యింటికి చేరెను. మోసపోయినది వరూధిని. తాను వలచిన పురుషుడే మనసు మార్చుకొని తిరిగి వచ్చెనని నమ్మి, ఎవనిని కాదని పంపెనో వానితోనే కాపురము చేసెను. వాడు తన నిజరూపము తెలిసినచో ఆమె శపించునని వెఱచి, మెల్లగ తప్పించుకొని పోయెను. తరువాత కథ కుమారుని వెంట పోవును గాని తల్లివైపు తిరిగి చూడదు. "అచ్చరకు ఇది తగిన శాస్తి" యని కొందఱు పెద్దలు నవ్వుదురు. మేము నవ్వజాలము. తిరస్కరింపబడినవాడు వేషము మార్చి వచ్చి సాధించుకొనుట చాతుర్యమని మన బాలురు, అట్టిది దైవలీలయని మన బాలికలు నేర్చుకొనరాదు. ఇట్టి చోటనే అనుసరణ రచన వినోదముగ గాక అవసరముగ మాఱును.

ఎట్లు వ్రాయవలెను? ఆమెను నేటి స్త్రీవలె ఉపన్యాసము లిప్పించిన రచన చెడును. ఆమె అచ్చర, ఆమె గర్వము, ఆమె పరిమళము, ఆమె వీణ ఆమెకు ఉండవలెను. బిడ్డడు పెరుగుచుండగా ఒకనాడు వాని ముఖమున ప్రవరుని పోలిక లేదని ఆమె గమనించెననుకొనుడు. అంతే చాలును. లేదా, ప్రవరుని మాటయందుండిన కరకుదనము ఈ రెండవ ప్రవరుని మాటలో లేదని ఆమెకు మొదటినాడే తోచి, తోచినదానిని తానే అణచుకొనెననుకొనుడు. ఇది మఱియు కష్టమైనది, మఱియు నిజమైనది. మాయావికి రూపము దొరకును గాని ఆ మనుష్యుని నిత్యాగ్నిహోత్రపు పొగవాసన దొరకునా? కాళ్లకు ఆ లేపపు మరక యుండునా? ఇట్టి చిన్న వస్తువులను పట్టుకొన్నచో కథ తనంత తాను నడచును. ఆమె నిజము తెలిసికొనవలెనా, వలదా యన్నది వ్రాయువారి యిష్టము. తెలిసికొన్నచో శపించునా, ఊరకుండునా యన్నదియు వారి యిష్టమే. కాని ఒక్కటి: ఆ బిడ్డ స్వరోచి. అతనినుండియే మనువు పుట్టవలెను. మూలపు ఫలమును తారుమారు చేయక, ఆ ఫలమునకు ఆమె చెల్లించిన వెలను చూపగలిగినచో ఆ రచన పెద్దన ప్రక్కన నిలుచును.

ప్రవరుని యిల్లాలి విషయము చిన్నది గాని చక్కనిది. ఆనాటి మధ్యాహ్నము అతిథులు వచ్చియుందురు. యజమానుడు లేడు. చెప్పి పోలేదు. ముసలి తల్లిదండ్రులు, శిష్యులు, ఆఱిపోరాని అగ్ని. ఆమె యేమి చేసెను? సాయంకాలమునకు అతడు ఒడలెల్ల వెలుగుతో వచ్చి నిలిచినప్పుడు, ఎక్కడకు పోతిరని యామె యడిగెనా, అన్నము వడ్డించెనా? రెండు పుటల యేకాంకిక కిది సరిపోవును. రంగమునకు ఒక వంటగది చాలును గనుక పాఠశాలలో ఆడుటకును సులువు.

సిద్ధుని పాత్ర మన ప్రాంతపు పిల్లలకొఱకే విడిచి పెట్టినట్లున్నది. అతడు తిరుగని చోటు లేదు. అట్టివాడు ఈ తీరమునకు రాకుండునా? కాళంగి యొడ్డున, తలుపులు వేయరని ప్రతీతి గల చెంగాళమ్మ గుడిలో రాత్రి తలదాచుకొని, తెల్లవారి పులికాటు నీటిపై దిగిన ఫ్లెమింగోల గుంపును చూచెననుకొనుడు. మనవారు ఆ సరస్సును ప్రళయకావేరి యనెడివారు. ఆ పేరే ఒక కథ. చలికాలమున వచ్చి నేలపట్టు చెఱువులో నీట నిలిచిన చెట్లపై గూళ్లు కట్టు గూడబాతులున్నవి. స్వరోచికి పశుపక్షుల భాష తెలియును గదా. అతనిని ఆ చెట్ల క్రింద నిలిపినచో ఏమి విని యుండును? చేపలు తగ్గినవనియా, నీరు తగ్గినదనియా? సిద్ధుని వర్ణనలను కాశీకేదారములకే పరిమితము చేయక, మన యుప్పుకయ్యలను, పడవలను, రొయ్యల గంపలను అందులో నిలుపుట తప్పు కాదు. పెద్దన కాలమునాటి శ్రోతలకు ఆ వర్ణనలు ఎఱుగని దేశములను చూపెను. మనము ఎఱిగిన దేశమును పరాయి కన్నులతో చూపవచ్చును.

ఇక్కడ ఒక మాట. ఈ ప్రాంతమున పాదలేప మనగానే ప్రతి పిల్లవానికి శ్రీహరికోట రాకెట్టు తోచును. తోచుట సహజమే, 1971 అక్టోబరు 9న తొలి రోహిణి రాకెట్టు అక్కడనుండి యెగసినది మొదలు, 2023 జూలై 14న చంద్రయాన్-3 పోవువఱకు, ఆకాశగమనము మన యింటి మేడమీదనుండి కనబడు వింతయైనది. కాని లేపము రాకెట్టు ఇంధనమని వ్రాసినంతనే కథ కాదు. పోల్చదలచినచో దోషమును పోల్చుడు. ప్రవరుడు పోవుటకు మాత్రమే యోచించెను. చలికి, నీటికి లేపము నిలుచునా యని యడుగలేదు. తిరుగు దారిని ముందే లెక్కకట్టని ప్రయాణము ప్రవరునిది. శాస్త్రజ్ఞుడు మొదట అడుగు ప్రశ్నను అతడు తుదకు అడిగెను. ఈ భేదముపై నవ్వు పుట్టించు కథ వ్రాయవచ్చును.

నవ్వు అనగానే పేరడీ గుర్తునకు వచ్చును. జలసూత్రం రుక్మిణీనాథశాస్త్రిగారు (1914–1968) ఇతర కవుల రచనలకు వ్రాసిన పేరడీలు ప్రసిద్ధములు. ఒకని నడకను హేళన చేయవలెనన్నచో ఆ నడకను ముందు లెస్సగ నేర్వవలెను గనుక, పేరడీ యనునది గురుభక్తిలో నొక విధమే. భువనవిజయ రూపకములను గూర్చియు అంతే. పండితులు పెద్దనగను, తిమ్మనగను, ధూర్జటిగను వేషములు ధరించి, రాయల సభలో కూర్చున్నట్లు పద్యములు చదువు ఆ రూపకములు తెలుగునాటనే గాక అమెరికాలోని తెలుగువారి సభలలోను ఆడబడుచున్నవి. చలనచిత్రమును మఱువరాదు: 1947లో బి.వి. రామానందంగారు తీసిన 'వరూధిని'లో ప్రవరుని వేషము ఎస్.వి. రంగారావుగారిది, వెండితెరకు వారు వచ్చినది ఆ వేషముతోనే. చిత్రము ధనము తేలేదు గాని నటుని తెచ్చినది.

భాషను గూర్చి రెండు మాటలు. పద్యము వ్రాయలేనివారు పద్యము వ్రాయనక్కరలేదు. నడచు వచనము కుంటు పద్యము కంటె మేలు. కాని వ్రాయుటకు ముందు మొదటి రెండాశ్వాసములనైనను పైకి చదువవలెను. పాఠ్యపుస్తకమున వచ్చు పది పద్యములతో తృప్తిపడి, మిగిలిన కథను ఇతరుల నోట విని వ్రాసినచో, మీరు అనుసరించునది పెద్దనను కాదు, వదంతిని. అర్థము కానిచోట వ్యాఖ్య చూడవలెను. సి.పి. బ్రౌను దొర జూలూరి అప్పయ్య పండితునిచే ఈ కావ్యమునకు వ్యాఖ్య వ్రాయించెను. ఆ నాటికే ఇది పండితుల సాయము లేక చదువరాని గ్రంథమైనదన్నమాట. కావున నేటి బాలుడు తడుముకొనినచో సిగ్గుపడ బనిలేదు. ఆంగ్లము సులువుగ చదువువారికి వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ గారల యనువాదము 2015లో మూలముతో గూడ అచ్చైనది. కథ పట్టువడుటకు అది సాయపడును. చెవికి మాత్రము తెలుగే కావలెను.

తుదకు, హక్కుల సంగతి. పెద్దన కావ్యము అందఱిదియు; అందుండి యెంత గ్రహించినను అడుగువారు లేరు. ఇటీవలివారి రచనలు అట్టివి కావు. 1957 నాటి మన గ్రంథస్వామ్య చట్టము ననుసరించి, ఇప్పుడు రచయిత మరణించిన పిదప అఱువది యేండ్లు హక్కు నిలుచును. విశ్వనాథ సత్యనారాయణగారు మనుచరిత్రముపై 'అల్లసానివారి అల్లిక జిగిబిగి' యను గ్రంథము వ్రాసిరి. వారు 1976లో దివంగతులైరి గాన వారి వాక్యములపై 2036 సంవత్సరాంతము వఱకు హక్కున్నది. వారి యాలోచన మిమ్ము కదలించినచో కదలింపనిండు. వాక్యములను ఎత్తి వ్రాసికొనకుడు. యనువాదముల విషయమును ఇంతే.

రచన తలపై 'మనుచరిత్రము ననుసరించి' యని వ్రాసి, ఏ యాశ్వాసమున ఏ ఘట్టమువద్ద మీ కథ మొదలగునో ఒక పంక్తిలో తెలుపుడు. చదువువాడు మూలమును తెఱచి, పెద్దన ఎక్కడ ఆగెనో, మీరెక్కడనుండి నడచితిరో వ్రేలు పెట్టి చూచుకొనుటకు అది చాలును.